వేలు పడిన చోటు

“అమ్మా, మీ ఆయనకి చెప్పు. సుభానీ బాబాయి ఆ రాడ్డు మీద వెల్డింగ్ ముద్ద పెట్టాడంటే నేనిక షెడ్డు తలుపు తియ్యను.”

“నీ కూతురికి చెప్పు రెబ్కా. తియ్యకపోతే తాళంచెవి గూట్లో పెట్టెయ్యమను.”

ఇద్దరూ ఒకే వసారాలో, ఒకే ఫ్యాను గాలికి కూర్చుని ఉన్నారు. ఇమ్మానియేలు వీధివైపు మొహం పెట్టాడు. జాస్మిన్ గోడవైపు పెట్టింది. ఆదివారం ఆరాధనకని కట్టుకున్న తెల్లచీర కొంగు నడుముకి దోపి, ఉప్మా గిన్నె పట్టుకుని మధ్యలో నిలబడింది రెబ్కా.

“ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినపడ్డాయి కదా! మధ్యలో నేనేమన్నా సెల్ టవర్నా?”

ఎవరూ నవ్వలేదు. గరిటె గిన్నెకి తగిలిన చప్పుడే పెద్దగా వినపడింది.

వాళ్లిద్దరి మధ్యా స్టూలు మీద ఒక స్టీలు సాసరు. అందులో చిన్న ఉక్కు పెచ్చు. బొటనవేలంత ఉంటుందేమో. పైన నున్నగా, అడుగున నల్లగా. తండ్రీకూతుళ్ల నోళ్లు మూయించింది ఆ పెచ్చే.

నిన్న సాయంత్రం మార్టూరు రోడ్డులో జాస్మిన్ షెడ్డుకి బోర్లు వేసే రిగ్గు ఓనరు నాగేంద్రబాబు స్వయంగా వచ్చాడు. బోరు రాడ్డు జాయింటు మీద ఆ పిల్ల వేసిన గట్టిపూతని వేలితో తడిమాడు. “బాగుంది పాపా” అన్నాడు. రెబ్కా ఛాతీ పొంగింది. ఆ పొంగు దిగేలోపే ఆయన ఉలి తెప్పించి, పూత అంచున ఆనించి, సుత్తితో ఒక్కటిచ్చాడు.

టప్పుమని లేచింది పెచ్చు.

“మా డ్రిల్లరు కూతురివని వచ్చాను” అన్నాడాయన, కోపంగా కాదు, అదే ఇంకా బాధ. “ఇది బోరులోకి దిగాక లేచిందనుకో, ఆ ముక్క రాయికీ, రాడ్ల కొసన రాయిని పగలగొట్టే హామరుకీ మధ్య ఇరుక్కుంటుంది. రాడ్లన్నీ భూమిలోనే సమాధి. ఎల్లుండి సోమవారం వెంకయ్య మిరపతోటలో బోరు పాయింటు. ఈ రాడ్డు ఎక్కించాలో వద్దో నేను చెప్పను. రిగ్గు నడిపేది ఇమ్మానియేలు. అతను ఎక్కిస్తానంటే ఎక్కించుకోమను.”

ఇమ్మానియేలు అప్పుడు కూతురి వైపు చూడలేదు. వెల్డరు సుభానీ వైపు చూశాడు. “ఆదివారం వచ్చి పట్టుకుపో తమ్ముడూ. పాత పద్ధతిలోనే పెట్టేయ్” అన్నాడు.

అప్పటినుంచీ తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు.

“తినండి, చల్లారిపోతోంది” అంది రెబ్కా.

“ఆకలి లేదు.” ఆ మాట మాత్రం ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

రెబ్కాకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇద్దరిదీ ఒకటే ముక్కు, ఒకటే మొండితనం. అసలు ఈ పిల్ల ఈ పని ఎత్తుకున్నదే తండ్రి కోసం. బోరు వేసేటప్పుడు కంప్రెసరు గాలికి రాతిపొడి ఎగదన్నుకుంటూ రాడ్డుని రాసుకుని పైకొస్తుంది. జాయింటు దగ్గర ఉక్కు అరిగి అరిగి పలచబడుతుంది. దాన్ని నిలబెట్టడానికి సుభానీ అరిగినచోట ఉక్కు కరిగించి వెల్డింగ్ పెట్టేవాడు. కరిగిన ఉక్కు చల్లారేటప్పుడు కంటికి కనపడని బీటలు పడేవి. కిందటేడు మేడరమెట్ల అవతల, పైకి లాగుతున్న రాడ్డు ఆ బీట దగ్గరే తెగింది. తెగిన ముక్క ఇమ్మానియేలు టోపీ అంచుని రాసుకుంటూ వెళ్లి నేలలో దిగబడింది.

ఆ టోపీని రెబ్కా ఇంకా పారేయలేదు. పెట్టెలో, పెళ్లిచీర కింద దాచింది.

చీరాలలో ఇంజనీరింగ్ ముగించి వచ్చిన జాస్మిన్ ఆ టోపీని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత గుంటూరు ఆటోనగర్‌లో ఇనుము చెక్కే పాత మిల్లింగ్ మిషను ఒకటి కొని, దాన్ని తనకు కావలసినట్టు మార్చుకుంది. కరిగించకుండా పూత వేసే పద్ధతి ఉందమ్మా అని చెప్పింది. గట్టి ఉక్కు కడ్డీని గిర్రున తిప్పుతూ రాడ్డుకి అదిమిపెడితే, రాపిడి వేడికే కడ్డీ మొన ఎర్రటి ముద్దవుతుందట. ఆ ముద్ద రాడ్డు మీద పరుచుకుని అంటుకుపోతుందట. కరిగేదే లేదు కాబట్టి ఆ బీటల బెడదా లేదట.

“చంటిపిల్లలకి సానరాయి మీద వసకొమ్ము అరగదీస్తాం చూడండి” అని రెబ్కా చర్చిలో ఆడవాళ్లకి చెప్పేది. “కొమ్ము అరుగుతుంది, రాయి మీద పూత మిగులుతుంది. మా జాస్మిన్ ఇనుముని అలా అరగదీస్తుంది.” చెప్పినప్పుడల్లా గొంతు కాస్త ఎక్కువే లేచేది.

గర్వం చెప్పినంతసేపే. భయం మిగతా పొద్దంతా. ఆ తిరిగే కడ్డీకి జడ చుట్టుకుంటుందేమోనని రోజూ పొద్దున్నే పిల్ల జుట్టు తనే బిగించి ముడివేసి, పిన్నులన్నీ గుచ్చి పంపేది. చున్నీ పట్టుకుంటుందేమో, కరెంటు కొడుతుందేమో, షెడ్డు రేకు ఎగిరిపడుతుందేమో. ఫోను మోగితే ఎత్తకముందే “దేవా” అనేది.

జాస్మిన్ సాసరులో పెచ్చు తీసి వెలుగుకి పెట్టింది.

“చూడమ్మా. ఇక్కడ అడుగంతా నల్లగా ఉంది. మాడిన మరకలాగా.”

“ఊ.”

“కింద జిడ్డుంటేనే ఇలా అవుతుంది. చుక్క నూనె ఉన్నా పట్టుకోదు. కానీ నేను థిన్నరుతో తుడిచాను కదా, తుడిచాక చేత్తో కూడా ముట్టుకోలేదు. తుడిచి, కరెంటు మెయిన్ స్విచ్చి వేయడానికి బయటికెళ్లాను. రాగానే మొదలుపెట్టాను. మధ్యలో జిడ్డెక్కడి నుంచి వస్తుంది?”

గరిటె రెబ్కా చేతిలోంచి జారి ఉప్మాలో పడింది.

“జిడ్డంటే... ఏ నూనైనా?”

“ఏ నూనైనా. కొబ్బరినూనె, గ్రీజు, చివరికి చేతి చెమటైనా.”

“ఇంకేదో అయ్యుంటుందిలే” అంది రెబ్కా. గబగబా వంటింట్లోకి నడిచింది.

వంటింటి గూట్లో బైబిలు పక్కన చిన్న సీసా. అందులో ప్రార్థన నూనె. పాస్టరు అయ్యగారు ప్రార్థించి ఇచ్చినది.

ఆ ఇంట్లో ఆ నూనె తగలని వస్తువు లేదు. కొత్త గ్యాసు పొయ్యి, ఇమ్మానియేలు బండి హ్యాండిలు, జాస్మిన్ బడిసంచి. ఇంటర్ పరీక్షలప్పుడు హాల్ టికెట్టు మీద పూస్తే నంబరు చెరిగిపోయి, పిల్లని గేటు దగ్గరే ఆపేశారు. “అమ్మా, ఇంక నా కాగితాల మీద నూనె పెట్టకు” అని పిల్ల చేతులు పట్టుకుని బతిమాలింది. పెట్టనంది రెబ్కా. కాగితాల మీద మళ్లీ పెట్టలేదు.

రాడ్డు కాగితం కాదు కదా!

నిన్న టిఫిను క్యారేజీ తీసుకుని షెడ్డుకి వెళ్లేసరికి పిల్ల లేదు. రాడ్డు తుడిచి తళతళలాడుతూ మిషను మీద పడుకుని ఉంది. ఎంత శుభ్రంగా ఉందో! పీటల మీద కూర్చున్న పెళ్లికూతురిలా అనిపించింది. పూత వేసేది దాని మీదే. రేపు భర్త తల మీద వేలాడేదీ అదే. రెబ్కా అటూఇటూ చూసి, సీసా మూత తీసి, బొటనవేలు తడిపి, చిన్న సిలువ గుర్తు వేసింది. ‘ప్రభువా, నా బిడ్డ పని నిలబెట్టు’ అంది.

నిలబెట్టమని వేసిన చోటే లేచిపోయింది.

చెబితే? పిల్ల జన్మలో మళ్లీ షెడ్డు గడప తొక్కనివ్వదు. సుభానీ నవ్వుతాడు. అంగడి దాకా పాకుతుంది: వాళ్లమ్మ నూనె పూసిందట. ప్రార్థన వల్ల పని చెడిందని నలుగురూ అంటే దేవుడికి కూడా మాట తెచ్చినట్టే కదా! చెప్పకపోతే? రాడ్డు సుభానీ పట్టుకుపోతాడు. పాత పద్ధతి. పాత బీటలు. పెట్టెలో పాత టోపీ.

వీధిలో ట్రాలీ ఆటో ఆగిన చప్పుడు.

“అన్నా! పోదామా?” సుభానీ గొంతు. “ఏం పాపా, ఇంకా అలకేనా? మీ మిషనుకి సెలవిచ్చేయ్. మా వెల్డింగుకి నల్లద్దం ఉంది, నిప్పురవ్వలున్నాయి, చూడ్డానికైనా పనిలా ఉంటుంది!”

“నిప్పురవ్వలు చూడాలంటే దీపావళికి చూస్తాలే బాబాయ్” అంది జాస్మిన్. మాటలో పదునుంది గానీ ప్రాణం లేదు.

ఇమ్మానియేలు తాళంచెవి తీసుకుని, చెప్పులు వేసుకుని ఆటో ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

రెబ్కా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. జాస్మిన్ గోడకి ఆనుకుని, తలలో పిన్నులు ఒక్కొక్కటే తీస్తోంది. ముడి వీడింది. జుట్టు భుజాల మీదికి జారింది. పిన్నులన్నీ సాసరులో, ఆ పెచ్చు పక్కన పడేసింది.

“ఏంటే అది?”

“ఇంక అవసరం లేదుగా.”

ఈ పిల్ల గురించి ఆవిడ భయపడని భయం లేదు. చెయ్యి పోతుందేమో, కన్ను పోతుందేమో, మగవాళ్ల మధ్య మాట పడుతుందేమో. ఏడాదిగా అన్నీ భయపడింది. పిల్ల మానేస్తుందేమోనని మాత్రం ఏనాడూ భయపడలేదు. అన్నిటికన్నా పెద్ద భయం ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో!

గూట్లో సీసా తీసి గుప్పిట్లో పట్టుకుంది.

“లే. జుట్టు ముడేసుకో.”

“ఆరాధనకి నేను రాను.”

“ఆరాధనకి కాదు. షెడ్డుకి.”

*

ఆదివారం కాబట్టి పక్కన రాళ్లు పాలిష్ పట్టే యూనిట్లన్నీ ఆగి ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో చర్చి మైకులో పాట స్పష్టంగా వినపడుతోంది. ఇమ్మానియేలూ సుభానీ రాడ్డుని చెరోవైపు పట్టుకుని అప్పుడే లేపబోతున్నారు.

“ఆగండి!” అంది రెబ్కా గుమ్మంలోంచే. పరుగులాంటి నడకతో వచ్చిందేమో, రొప్పుతోంది.

“నువ్వెందుకొచ్చావే? చర్చికి పోలేదా?”

“దాన్ని దించండి. లేచిన చోటు నాకు చూపించండి.”

“చూసి నువ్వేం చేస్తావ్ వదినా?” అన్నాడు సుభానీ.

“చూపించమన్నానా!”

రెబ్కా అంత గట్టిగా అనడం సుభానీ ఎప్పుడూ వినలేదు. రాడ్డు దించారు. పూత చుట్లు చుట్లుగా జాయింటు చుట్టూ పరుచుకుని ఉంది, ముంజేతికి నిండుగా గాజులు తొడిగినట్టు. మధ్యలో ఒక్కచోట గుంట. అడుగున నల్ల మరక.

రెబ్కా వంగి తన బొటనవేలు ఆ గుంటలో పెట్టింది.

సరిగ్గా సరిపోయింది.

“నేనే” అంది. చూపు రాడ్డు మీంచి ఎత్తలేదు. “నిన్న నువ్వు కరెంటు వేయడానికెళ్లినప్పుడు... ప్రార్థన నూనె పెట్టాను. ఇదిగో, ఇక్కడే.” గుప్పిట విప్పి సీసా చూపించింది.

మైకులో పాట చరణం అయిపోయి పల్లవికొచ్చింది.

ముందు నవ్వింది సుభానీయే. “యా అల్లా! వదినా, నువ్వా!” అంటూ నడుం పట్టుకుని నవ్వాడు. ఇమ్మానియేలు ఒక్క చూపు చూసేసరికి సగంలో మింగేశాడు.

రెబ్కా కూతురి అరుపు కోసం ఎదురుచూసింది. తిట్టు కోసం, ఏడుపు కోసం. జాస్మిన్ మాత్రం పిచ్చిదానిలా ఆ గుంట వైపే చూస్తోంది.

“ఎన్ని చోట్ల పెట్టావమ్మా?”

“ఒక్కచోటే.”

“నిజం చెప్పు.”

“ప్రభువు తోడు. ఒక్కచోటే, చిన్న సిలువ.”

“ఇంకెక్కడా పెట్టలేదు కదా? కడ్డీకి? మిషనుకి?”

రెబ్కా సీసాని మళ్లీ గుప్పిట్లో దాచింది. “మిషనుకి కొన్నరోజునే పెట్టాను. కడ్డీకి పెట్టలేదు.”

“నాన్నా!” జాస్మిన్ గిరుక్కున తిరిగింది. అలకా, మౌనం, గోడవైపు మొహం అన్నీ మర్చిపోయింది. “నాన్నా, ఒక్కచోటే లేచింది! నూనె ఉన్నచోటే లేచింది! మిగతాది... మిగతాది కొట్టి చూడు నాన్నా!”

ఇమ్మానియేలు కదల్లేదు. మాట తప్పాలంటే మగవాడికి ఎంత కష్టమో రెబ్కాకి తెలుసు. పెళ్లైన దగ్గర్నుంచీ తెలుసు. ఆ క్షణంలో ఆవిడకి ఇంకొక భయం: ఈయన ‘పద సుభానీ’ అంటాడేమోనని.

ఇమ్మానియేలు వంగి, కింద పడి ఉన్న ఉలి తీశాడు.

గుంటకి పక్కనే అంచున ఆనించి సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. లేవలేదు. ఇంకో పక్క పెట్టాడు. ఖంగుమంది. చుట్టూ తిరిగి, అవతలి వైపు, బలం అంతా పెట్టి కొట్టాడు. చెమట గడ్డం మీంచి కారింది. పూత మీద సన్నటి గీత పడింది. అంతే.

“నువ్వు కొడితే ఎలా అన్నా, కన్నతండ్రివి” అన్నాడు సుభానీ. “ఇటివ్వు. నాకు దీని మీద కసి ఉంది.”

నవ్వుతూనే అన్నాడు గానీ రెబ్కాకి తెలుసు, అది నవ్వులాట కాదు. మేడరమెట్ల దగ్గర తెగింది తను అతికిన రాడ్డేనని సుభానీ ఎవరితోనూ అనలేదు. ఎవరూ అతనితో అనలేదు. ఆ రోజునుంచీ సుభానీ వాళ్లింటికి వచ్చినప్పుడల్లా టీ తాగకుండానే వెళ్లిపోయేవాడు.

సుభానీ తన సంచిలోంచి సొంత ఉలి తీశాడు. కాలు రాడ్డుకి తన్నిపెట్టి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మూడోసారికి ఆగి, ఉలి మొన కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. మొన వంగిపోయి ఉంది.

కాసేపు దాన్ని వేలితో రాస్తూ నిలబడ్డాడు.

“అన్నా” అన్నాడు చివరికి, మెల్లగా. “ఇది ఊడదు. నేను చెబుతున్నా, ఇది ఊడదు. నీ తల మీద నా వెల్డింగు కన్నా ఇదే నయం.”

ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో! రెబ్కా కళ్లు చెమ్మగిల్లాయి. “టీ పెట్టిస్తా ఉండు మరిదీ. ఈసారి తాగకుండా వెళ్లావంటే ఊరుకోను” అంది.

ఇమ్మానియేలు సుత్తి కిందపెట్టాడు. కూతురి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక తుండుతో మెడ తుడుచుకున్నాడు.

“ఆ చోటు చెక్కేసి మళ్లీ వెయ్యగలవా?”

నిన్నటినుంచీ కూతురితో నేరుగా అన్న మొదటి మాట అది.

“వెయ్యగలను నాన్నా.”

“ఇవాళే కావాలి. రేపు పొద్దున్నే రిగ్గు కదులుతుంది.”

“ఆదివారం కదా...” అంటూ జాస్మిన్ తల్లివైపు చూసింది. ఆదివారం ఆ ఇంట్లో కత్తిపీట తప్ప ఇనుము ముట్టుకోకూడదు. అది రెబ్కా పెట్టిన కట్టడి.

రెబ్కా తెల్లచీర కొంగు బిగించింది. “గోతిలో పడ్డ గొర్రెని విశ్రాంతిదినమైనా తియ్యాలన్నాడు ప్రభువు” అంది. “ఆ థిన్నరు డబ్బా ఎక్కడ?”

లేచిన వరస వరకూ చెక్కేశాక, గుడ్డ తడిపి రెబ్కా స్వయంగా తుడిచింది. తన వేలు పెట్టిన చోటుని తన చేత్తోనే తుడిచింది. ముక్కు మండింది, కళ్లు మండాయి, తెల్లచీర మీద నల్లటి చారలు పడ్డాయి.

“చాలమ్మా, పోయింది.”

“నీకు తెలీదు. ఇంకొంచెం ఉంది.”

“అమ్మా, ఉక్కు అరిగిపోతుంది!”

అప్పటికి వదిలింది. గోడ దగ్గరికి వెళ్లి రెండు చేతులూ కట్టుకుని నిలబడింది, చేతులు తనమాట వినవేమోనన్నట్టు.

జాస్మిన్ మీట నొక్కింది. కడ్డీ తిరగడం మొదలెట్టింది. తిరిగి తిరిగి, తిరుగుతున్నట్టే కనపడకుండా పోయింది. దాన్ని మెల్లగా దించి రాడ్డుకి ఆనించి అదిమింది. ముందు కీచుమన్న శబ్దం. తర్వాత ఆ శబ్దం చిక్కబడింది. కడ్డీ మొన చుట్టూ ఎరుపు పుట్టింది, పండుమిరప రంగు. నిప్పురవ్వ లేదు, కళ్లు జిగేలుమనే వెలుగు లేదు. ఎర్రటి ముద్ద కడ్డీ అంచున గొడుగులా విచ్చుకుంటోంది. కింద రాడ్డు నెమ్మదిగా పొర్లుతోంది. వెనకాల చుట్టు మీద చుట్టు పూత పడుతోంది.

ఇన్నాళ్లూ రెబ్కా ఈ పని జరుగుతుంటే కళ్లు మూసుకునేది, లేదా పిల్ల జుట్టు వైపే చూసేది. ఇవాళ మొదటిసారి పిల్ల మొహం చూసింది. పెదవి పంటి కింద పెట్టుకుని, తల కాస్త పక్కకి వంచి, శబ్దం వింటోంది. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో ఆ చేతులకి తెలుసు.

వసకొమ్ము అరగదీసి ఈ పిల్ల నాలిక్కి రాసిన రోజు గుర్తొచ్చింది. ఆ నాలిక్కి మాటలొస్తే చాలనుకుంది అప్పుడు.

‘ఇది నా కూతురు’ అనుకుంది రెబ్కా. పైకి అనలేదు. అంటే దిష్టి తగులుతుందని భయం. దిష్టి మీద నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది.

*

వెంకయ్య మిరపతోట గట్టు మీద మగవాళ్లంతా నిలబడ్డారు. ఆకు ముడుచుకుపోయిన తోట. ఈ బోరు పడకపోతే రెండో కోతకి కాయ దక్కదు. రెబ్కా రావద్దని ఇద్దరూ చెప్పారు. ఇంట్లో కూర్చుంటే గుండె ఆగి పోతానని చెప్పి ఆటో ఎక్కేసింది.

రిగ్గు మోగుతుంటే నేల కాళ్ల కింద అదురుతోంది. తెల్లటి రాతిపొడి మేఘంలా లేస్తోంది. హామరు పైన మొదటి రాడ్డు జాస్మిన్‌ది. దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. కిందికి వెళ్లేకొద్దీ రెబ్కా నోట్లో ప్రార్థన మాటలు తగ్గిపోయి ‘దేవా’ ఒక్కటే మిగిలింది.

పొడి తడిసింది. బురద చిమ్మింది. తర్వాత నీళ్లొచ్చాయి. వెంకయ్య ఏడుస్తూ నవ్వాడు. రెబ్కా అటు చూడలేదు. నీళ్లు ఎవరికి కావాలి? పైకి లాగేదే గండం.

ఒక్కో రాడ్డూ బయటికొస్తుంటే ఇమ్మానియేలు విప్పి పక్కన పెట్టిస్తున్నాడు. చివరిది వచ్చింది. ఆయన మిషను ఆపించి, తలమీది తుండు తీసి, ఆ జాయింటుని తుడిచాడు. చంటిబిడ్డ మొహం తుడిచినట్టు తుడిచాడు.

మిగతా రాడ్ల జాయింట్లు రాతిపొడి రాసుకుని అద్దంలా మెరుస్తున్నాయి. ఉక్కు అరిగినందుకు గుర్తు ఆ మెరుపు. జాస్మిన్ వేసిన పూత మెరవలేదు. వేసిన చుట్లు వేసినట్టే, గాజుల్లా, కనపడుతున్నాయి.

“బాబుగారూ, వచ్చి చూడండి” అని కేకేశాడు ఇమ్మానియేలు. ఆ కేక తోట అవతలి గట్టుకి వినపడింది. “మా అమ్మాయి పని! వచ్చి చూడండి!”

ఆ మాట ఆయన నోట వినడానికి జాస్మిన్ ఎన్నాళ్లు కాచుకుందో రెబ్కాకి తెలుసు. పిల్ల మొహం తిప్పుకుని, కళ్లలో పొడి పడినట్టు తుడుచుకుంది.

నాగేంద్రబాబు వచ్చి వంగి చూశాడు. గోరుతో గీరాడు. జేబులోంచి తాళంచెవి తీసి గీరాడు. ఉలి అడగలేదు.

“ఒక్క బోరుకి ఏం తెలుస్తుంది ఇమ్మానియేలూ” అన్నాడు. అంటూనే చెయ్యి దాని మీంచి తియ్యలేదు. జాస్మిన్ వైపు తిరిగాడు. “పాపా, రాడ్డు పోతే ఇంకో రాడ్డు ఎక్కించుకుంటాం. హామరు అలా కాదు. ముందు అరిగేది దాని ఒళ్లే. అది చెడిందంటే రిగ్గు కదలదు, మీ నాన్నా కదలడు, మా వాళ్లంతా ఇళ్లలో కూర్చోవాల్సిందే.”

“తెలుసండీ.”

“తెలిసే అడుగుతున్నా. హామరు ఇస్తే వేస్తావా?”

జాస్మిన్ తండ్రి వైపు చూసింది. ఇమ్మానియేలు భార్య వైపు చూశాడు. గట్టు మీద సుభానీ కూడా ఇటే చూస్తున్నాడు.

అందరికీ తెలుసు, రెబ్కా ఏమంటుందో. ఆ ఇంట్లో ఏ కొత్త పనికైనా మొదటి ‘వద్దు’ ఆవిడదే. వాళ్లంతా ఎదురుచూస్తున్నది ఆ ‘వద్దు’ కోసమే. ఒకరు అంటే మిగతావాళ్లు తప్పుకోవచ్చు.

రెబ్కా చేతిసంచిలో చెయ్యి పెట్టింది.

“అమ్మా!” అంది జాస్మిన్ గాభరాగా.

సంచిలోంచి వచ్చింది సీసా కాదు. నిన్నటి గుడ్డ. ఉతికి, ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి తెచ్చుకుంది.

“ఎప్పుడు పంపిస్తారు బాబుగారూ?” అంది రెబ్కా. “షెడ్డుకి రాగానే నాకు చెప్పండి. తుడిచేది నేను. నేను తుడిచాక దాని మీద ఎవరూ వేలు పెట్టకూడదు. ఓనరైనా సరే.”